మూడంతస్తుల మొలకల డబ్బా, నాలుగు నెలలు వాడాక

డిసెంబర్ మొదటి వారంలో ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టా, ఇప్పుడు ఏప్రిల్, అంటే చలిలోనూ ఎండలోనూ వాడి చూసే రాస్తున్నా, పార్సిల్ విప్పిన రోజే ఫొటో తీసి అయిదు స్టార్లు కొట్టేసే రకం కాదు నేను. కంపెనీ పేరు రాయట్లేదు, రాసినా లాభం లేదు, ఇదే డబ్బా పది పేర్లతో అమ్ముతున్నారు, రంగు తప్ప ఏమీ తేడా లేదు. మూడు చిల్లుల గిన్నెలు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి, అన్నిటికంటే కింద నీళ్లు పడే గిన్నె, పైన మూత, అంతా అవతలికి కనపడే ప్లాస్టిక్. నాకు 349 రూపాయలు పడింది.

ఎందుకు కొన్నానంటే మా వాడి స్కూల్ వల్ల. షార్ట్ బ్రేక్‌కి బిస్కెట్లు, చిప్స్ పంపొద్దు, పళ్లో మొలకలో పంపండి అని డైరీలో రాసి పంపారు. మాది కడప, ఉండేది బెంగళూరు రామమూర్తి నగర్‌లో. ఇక్కడ మొలకలు కొనుక్కోవడం పెద్ద కష్టమేం కాదు, ఏ కూరగాయల మార్కెట్‌కి పోయినా మొళకె కాళు అని పెసలు, శనగలు, అలసందలు, ఉలవలు రాశులు పోసి పావు లెక్కన అమ్ముతారు, కన్నడిగులు దాంతో సారు, అంటే మన పులుసు లాంటిది, చేస్తారు, చాలా బాగుంటుంది కూడా. కానీ అవి పొద్దున్నించీ తడి గోతాం మీదే ఉంటాయి, ఎండిపోకుండా అమ్మే ఆయన చిలకరిస్తూ ఉండే ఆ నీళ్లు ఏ నీళ్లో తెలీదు, సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి కొనేసరికి ఒక రకమైన వాసన, సారులో ఉడికిపోయేవి కాబట్టి వాళ్లకి ఓకే, పిల్లాడి డబ్బాలో పెట్టాలంటే నాకు మనసొప్పలేదు. అలాగని మా అమ్మలాగా పాత పంచె చింపి మూట కట్టి పంపు కొక్కానికి వేలాడదీసే ఓపికా లేదు. మా అత్తమ్మ అప్పుడు మా దగ్గరే ఉన్నారు, పార్సిల్ చూసి "దీనికి మూడొందల యాభయ్యా, ఇంట్లో గుడ్డ ముక్కే లేదామ్మా" అన్నారు. నేనేం మాట్లాడలేదు.

మొదటిసారి ఏం చేశానో చెప్తా, మీరు చేయకండి. అరకిలో పెసలు రాత్రి నానేసి, పొద్దున మూడు గిన్నెల్లోనూ అంచుల దాకా సర్దేసి, డబ్బాతో వచ్చిన కాగితంలో "నీళ్లు పోసి మర్చిపోండి" అని రాసుంటే అక్షరాలా మర్చిపోయా. రెండు రోజులయ్యాక పొద్దున మూత తీస్తే పైగిన్నెలో ముద్దుగా తెల్ల తోకలు, అబ్బో అనుకున్నా. నడిమి గిన్నె మధ్యలోకి వేళ్లు పెడితే గోరువెచ్చగా తగిలింది, జ్వరం వచ్చిన పిల్లాడి నుదురు ముట్టుకున్నట్టు. అప్పుడు ఎందుకో అర్థం కాలేదు. సాయంత్రానికి నడిమి గిన్నె మధ్యలో పెసలన్నీ జిగురుగా ఒకదానికొకటి అంటుకుని, పులిసిన వాసన, కంపు అనే అనొచ్చు. సగం పారేశా. విషయం ఏంటంటే మొలకెత్తే గింజ ఊపిరి పీల్చుకుంటుంది, ఆ పని చేసేటప్పుడు వేడి పుట్టిస్తుంది, పల్చగా పరిస్తే ఆ వేడి బయటికి పోతుంది, కుప్పగా పోస్తే మధ్యలోనే నిలిచిపోతుంది. బార్లీ మాల్ట్ చేసేవాళ్లు గింజల్ని మాటిమాటికీ తిరగేసేది ఇందుకే. నానిన గింజలు గిన్నెలో మూడో వంతు దాటకూడదు, ఇంకా ఉబ్బుతాయి కాబట్టి. ఈ ఒక్క ముక్క ఆ కాగితంలో రాసుంటే నా పావుకిలో పెసలు మిగిలేవి.

మర్చిపోండి అనేది పచ్చి అబద్ధం. కడగాలి. చలికాలంలో రోజుకి రెండుసార్లు, ఇప్పుడు ఏప్రిల్‌లో మూడుసార్లు కడుగుతున్నా. పై గిన్నెలో నీళ్లు పోస్తే అవి చిల్లుల్లోంచి కింది గిన్నెలోకి, అక్కడి నుంచి దాని కిందికి దిగుతాయని, ఒక్కసారి పోస్తే మూడూ తడుస్తాయని వాళ్ల ఐడియా. దిగుతాయి, నిజమే, కానీ పై గింజలు కడిగిన మురికి నీళ్లే కింది గింజలకి స్నానం. నేను గిన్నెలు విడదీసి దేనికదే పంపు కింద పెట్టి, ఆఖర్న ఫిల్టర్ నీళ్లు ఒక గ్లాసు పోసి, రెండు నిమిషాలు వాల్చి పెట్టి మళ్లీ పేరుస్తున్నా. నీళ్లు పూర్తిగా కారిపోవడమే అసలు పని, గింజకి తడి కావాలి కానీ నీళ్లలో మునిగుంటే గాలి ఆడక చచ్చిపోతుంది. ఈ కారిపోయే పని డబ్బా బాగా చేస్తుంది, నేనిచ్చిన స్టార్లు దానికే. కడిగిన నీళ్లు కరివేపాకు కుండీకి పోస్తా, 2024 ఎండాకాలం నీళ్ల కరువులో ఈ ఊళ్లో ఉన్నవాళ్లెవరూ నీళ్లు ఊరికే పారబోయలేరు, తాగే నీళ్లతో బండి కడిగితే 5,000 ఫైన్ అన్నారు కదా అప్పుడు, ఆ భయం ఇంకా పోలేదు నాకు.

ఇంకో సంగతి, ఊళ్లో అమ్మ పెట్టే లెక్కలు ఇక్కడ పనిచేయవు. కడపలో రాత్రి నానేసి పొద్దున మూట కడితే మర్నాటికి తోకలు. బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది, డిసెంబర్, జనవరి రాత్రులు 15, 16 డిగ్రీలకి దిగుతుంది, మా వంటిల్లు ఉత్తరం వైపు, ఎండ మొహం చూడదు. ఆ నెలల్లో పెసలకే రెండు రోజులు పట్టింది, శనగలైతే మూడో రోజు సాయంత్రానికి గానీ కదల్లేదు. డబ్బాదే తప్పనుకుని సెల్లర్‌కి మెసేజ్ కూడా పెట్టా, ఇప్పుడు తల్చుకుంటే సిగ్గుగా ఉంది. తర్వాత చపాతీలు పెట్టుకునే హాట్‌బాక్స్‌లో గోరువెచ్చటి నీళ్ల గిన్నె ఒకటి పెట్టి, పక్కన గుడ్డలో పెసలు పెట్టి మూత వేస్తే ఒక్క రోజులో వచ్చేశాయి. డబ్బా ఆ హాట్‌బాక్స్‌లో పట్టదు, అది వేరే బాధ. ఇప్పుడు ఎండలకి పొద్దున పెట్టినవి రాత్రికే తెల్లగా ముక్కు బయట పెడుతున్నాయి.

డబ్బా కన్నా ముఖ్యం గింజ, ఇది అందరూ వదిలేస్తున్నారు. సూపర్ మార్కెట్‌లో నిగనిగలాడే పెసల ప్యాకెట్ తెచ్చా ఒకసారి, నూనె రాసినట్టు మెరుస్తున్నాయి, నానేస్తే అయిదో వంతు అలాగే రాళ్లలా ఉండిపోయాయి. అలాంటి గట్టి గింజ ఒకటి మొలకల్లో కలిసిపోయి మా వాడి పంటి కిందికి వచ్చింది, పాల పన్నే, ఎలాగూ ఊగుతోంది, కానీ వాడు చేసిన గోల మూడు రోజులు. అప్పట్నుంచి కొత్త గింజలు తెస్తే ముందు ఇరవై గింజలు తడి గుడ్డలో చుట్టి పెడతా, పదిహేనన్నా మొలిస్తేనే మొలకలకి, లేదంటే పెసరట్టుకి. మా వీధి చివర అంగడాయన దగ్గర మూటలో విడిగా అమ్మేవి దుమ్ముగా, మట్టిగా ఉంటాయి, ఏరుకోవాలి, కానీ దాదాపు అన్నీ మొలుస్తాయి. ఒక్క జాగ్రత్త, నర్సరీలోనో విత్తనాల షాపులోనో కుండీల్లో వేసుకోమని ఇచ్చే మెంతులూ బీన్స్ గింజలూ ఇందులో పెట్టకండి, గులాబీ రంగో నీలం రంగో పూసి ఉంటాయి చూడండి, అది బూజు పట్టకుండా వేసిన మందు, కడిగితే పోదు.

ఇక రాగులు. డబ్బా మీద బొమ్మలో రాగులు కూడా ఉన్నాయండీ, కొనేటప్పుడు దాని మీద కూడా ఆశపడ్డా. రాగి గింజ ఎంతుంటుంది, ఆవగింజంత. గిన్నె చిల్లు దానికన్నా పెద్దది. నానిన రాగులు పోసి పంపు కింద పెట్టగానే జల్లెడ పట్టినట్టు సర్రున మొత్తం సింకులోకి. సింకు జాలీ లేకపోయుంటే ఆ రోజు ప్లంబర్ ఖర్చు కూడా డబ్బా ఖాతాలోనే రాసేదాన్ని. గిన్నెలో గుడ్డ పరిచి పోయండి అని ఒకరు సలహా ఇచ్చారు, గుడ్డ పరిచేటట్టయితే డబ్బా దేనికి?

ఎదురింటి కన్నడ ఆంటీ చూసి నవ్వి, ఆమె మనవడికి రాగి సరి ఎలా చేస్తారో చూపించారు. ఇక్కడ ఆరేడు నెలల పిల్లలకి పెట్టే జావపిండి అది. రాగులు కడిగి, ఇసక పోయేలా గాలించి, రాత్రంతా నానేసి, గుడ్డలో మూట కట్టి ఒకటిన్నర రోజు, చలి అయితే రెండు రోజులు, మధ్యమధ్యలో నీళ్లు చల్లుతూ ఉంచాలి. మూట విప్పితే లోపల తెల్లటి నూలుపోగుల్లాగా అల్లుకుపోయి గడ్డ కట్టి ఉంటుంది, దాన్ని చేత్తో విడదీసి నీడలో బాగా ఆరబెట్టి, సన్న సెగ మీద కొంచెమే వేయించి, మిషన్‌కి వేసి, పల్చటి బట్టలో వస్త్రగాళితం పట్టాలి. పొట్టంతా బట్టలోనే ఉండిపోతుంది, కింద పౌడర్ లాంటి పిండి. ఎక్కువ వేయించొద్దు అని ఆంటీ రెండుసార్లు చెప్పారు, కారణం ఆమె చెప్పలేదు కానీ ఉంది, మొలకెత్తినప్పుడు గింజలో అమైలేజ్ అనే ఎంజైమ్ తయారవుతుంది, అది పిండిపదార్థాన్ని విడగొట్టి తీపి చేస్తుంది, మాడేలా వేయిస్తే అది చచ్చిపోతుంది. దాని వల్లే మొలకెత్తిన రాగిపిండితో జావ కాస్తే మామూలు పిండితో కాచినంత చిక్కబడదు, పల్చగానే ఉంటుంది, పసిబిడ్డ చిన్న పొట్టలోకి తక్కువ జావలోనే ఎక్కువ పిండి పోతుంది.

ఇది తెలీక ముందు నేను చేసిన ఘనకార్యం ఒకటుంది. అంత కష్టపడి పట్టించిన పిండి కదా, మామూలు పిండికన్నా బలం కదా అని ఆదివారం నాటుకోడి పులుసులోకి ఆ పిండితోనే సంగటి కెలికా. అన్నం ఉడికింది, పిండి వేశా, మూత పెట్టా, తెడ్డుతో కెలుకుతుంటే గట్టిపడాల్సింది పోయి జారిపోతోంది, ఇంకా పిండి వేశా, ఇంకా జారుతోంది, చివరికి ముద్ద చేద్దామని తడి చేత్తో తీస్తే వేళ్ల సందుల్లోంచి కారిపోయింది. కడప మనుషులకి సంగటి ముద్ద కట్టలేదంటే ఎంత అవమానమో మీకు చెప్పక్కర్లేదు. మా ఆయన స్పూన్ అడిగాడు. అత్తమ్మ ఏమీ అనలేదు, అదే ఇంకా బాధ. కాబట్టి సంగటికి మామూలు రాగిపిండి, జావకి మొలకెత్తిన పిండి, కలపకండి.

మెంతులు గురించి రెండే ముక్కలు, జిగురు. నానగానే చుట్టూ బంకలాంటిది వదులుతాయి, చిల్లులన్నీ మూసుకుపోతాయి, నీళ్లు పైనే నిలబడి మెంతులు కుళ్లుతాయి. గుడ్డలో మూట కట్టి మాటిమాటికీ కడిగితే మూడో రోజుకి చేదు బాగా తగ్గి కరకరలాడతాయి, టమాటా పప్పులో వేసి చూడండి. ఉలవలు ఏరడానికే గంట, రాళ్లు అచ్చం ఉలవ రంగులోనే ఉంటాయి. అలసందలు డబ్బాలో బ్రహ్మాండంగా వచ్చాయి, అసలు ఈ డబ్బా అలసందల కోసమే పుట్టిందేమో అనిపిస్తుంది, గుగ్గిళ్లు చేసుకుంటే ఉల్లిపాయ, ఎండుమిర్చి, కొబ్బరి చాలు. కాబూలీ శనగలు వస్తాయి కానీ వాసన తొందరగా పడతాయి, మన చిన్న నల్ల శనగలే నయం.

ఇప్పుడు డబ్బాతో వచ్చిన కాగితంలో రాసిన కోతలు. మొలకెత్తితే ప్రొటీన్ మూడింతలు అని రాశారు. ఎండు పెసల్లో 100 గ్రాములకి సుమారు 24 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, అవే 100 గ్రాములు మొలకలైతే తూకం రెండింతలు పైనే అవుతుంది, పెరిగిందంతా నీళ్లే, ప్రొటీన్ ఆకాశం నుంచి ఊడిపడదు, పైగా అదే తూకం మొలకలు తింటే వచ్చే ప్రొటీన్ ఎండు పెసలకన్నా తక్కువే. మరి లాభం లేదా అంటే ఉంది, ఎండు గింజలో దాదాపు లేని సి విటమిన్ మొలకెత్తితే వస్తుంది, ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వని ఫైటేట్లు అనే పదార్థాలు తగ్గుతాయి, దాంతో గింజలోని ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. ఇంత నిజమైన లాభం ఉండగా ఆ మూడింతల కోత ఎందుకో నాకు అర్థం కాదు.

రాజ్మా బొమ్మ కూడా వేశారు ఆ కాగితంలో, పక్కన నిమ్మకాయ ముక్క, అంటే పచ్చివే తినమని. ఇది మాత్రం నాకు కోపం తెప్పించింది. పచ్చి రాజ్మాలో, ముఖ్యంగా ఎర్రవాటిలో, ఫైటోహీమాగ్లుటినిన్ అనే పదార్థం ఉంటుంది, కొన్ని గింజలు పచ్చివి తిన్నా వాంతులు, విరేచనాలు, మొలకెత్తించినంత మాత్రాన అది పోదు, బాగా మరిగించి ఉడికిస్తేనే పోతుంది. రాజ్మా మొలకలు అనే మాటే మర్చిపోండి, నానేసి కుక్కర్‌లో పెట్టుకోండి.

పెసలైనా సరే మా వాడికి పచ్చివి పెట్టను. తడి, చీకటి, వెచ్చదనం, ఈ మూడూ గింజకి ఎంత ఇష్టమో సూక్ష్మక్రిములకీ అంతే ఇష్టం, గింజ మీద కాస్త ఉన్నా డబ్బాలో రెండు రోజుల్లో లక్షలవుతాయి. 2011లో జర్మనీలో మెంతి మొలకల వల్ల ఇ కోలై అనే బ్యాక్టీరియా వ్యాపించి 50 మందికి పైగా చనిపోయారు. అమెరికాలో ఆహారం, మందుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ అయితే చిన్నపిల్లలు, పెద్దవాళ్లు, గర్భిణులు, రోగనిరోధక శక్తి తక్కువ ఉన్నవాళ్లు పచ్చి మొలకలు తినొద్దనే చెప్తుంది. మా ఇంట్లో ఈ లిస్టులో ఇద్దరున్నారు. అందుకే ఇడ్లీ పాత్రలో గుడ్డ మీద వేసి అయిదారు నిమిషాలు ఆవిరి పట్టించి, వేడి మీదే ఉప్పు, మిరియాలపొడి, నిమ్మరసం, కొంచెం పచ్చికొబ్బరి. సి విటమిన్ కొంత పోతుంది, పోనీండి, నిమ్మకాయ ఉందిగా. పచ్చి మొలకలే అలవాటున్న మా ఆయన ఉడికిస్తే పస ఏముంటుంది అని గొణుగుతాడు, ఆయన గిన్నె ఆయనకి వేరే.

క్లీనింగ్ దగ్గర డబ్బా నా సహనం పరీక్షించింది. మొలకలు ఒక రోజు ఎక్కువ ఉంచామా, వేర్లు చిల్లుల్లోంచి కిందికి దిగి గడ్డం లాగా వేలాడతాయి, లాగితే తెగి చిల్లులోనే సగం ఉండిపోతుంది. పిన్నీసుతో ఒక్కో చిల్లూ పొడుచుకుంటూ ఆదివారం మధ్యాహ్నం కూర్చున్నా ఒకసారి, నూరు పైనే ఉన్నాయి ఒక్క గిన్నెకి. ఇప్పుడు తోక సెంటీమీటర్ దాటకుండానే తీసేసి, గుడ్డ మీద ఆరబెట్టి, ఫ్రిజ్‌లో పెట్టి మూడు రోజుల్లోపు అయిపోగొడతా, గిన్నెలు వెంటనే పాత టూత్‌బ్రష్‌తో తోమేస్తా. మాది బోర్ నీళ్లు, ప్లాస్టిక్ మీద తెల్ల మచ్చలు పడి అవతలికి కనపడే గిన్నెలు కాస్తా మసక అద్దాల్లా అయ్యాయి, వెనిగర్ నీళ్లలో నానబెడితే చాలావరకు పోయాయి.

ఫిబ్రవరిలో మూత పగిలింది. వేడినీళ్లతో కడిగా, టప్ మని శబ్దం, ఈ చివర నుంచి ఆ చివరకి గీత. సెల్లర్‌ని అడిగితే మూత విడిగా రాదు మేడమ్, సెట్ మొత్తం తీసుకోండి అన్నాడు, చిన్న రబ్బరు వాషర్‌కి మిక్సీ మొత్తం కొనమన్నట్టు. కొనలేదు. పాత పంచె ముక్క తడిపి పైగిన్నె మీద కప్పి రబ్బరు బ్యాండ్ వేస్తున్నా, నిజం చెప్పాలంటే మూత కన్నా ఇదే బాగుంది, గాలి ఆడుతుంది, పై గింజలు ఎండిపోవట్లేదు. మొన్న ఉగాదికి అత్తమ్మ వచ్చి ఆ గుడ్డ వైపు చూసి, నా వైపు చూసి, "అదీ" అని మాత్రం అన్నారు.

ఎవరు కొనొచ్చంటే, వారానికి రెండుసార్లు పెసలో అలసందలో తినేవాళ్లు, పంపు కొక్కానికి మూట వేలాడదీయడం ఇష్టం లేనివాళ్లు, అద్దె ఇంట్లో వంటగట్టు చిన్నదిగా ఉన్నవాళ్లు, నిలువుగా పేరుస్తాం కాబట్టి చోటు కలిసొస్తుంది. ఇంట్లో ఇద్దరే ఉంటే వద్దు, అన్నం వార్చే చిల్లుల గిన్నె మీద తడి గుడ్డ కప్పితే అదే పని అవుతుంది. రాగుల కోసమో మెంతుల కోసమో అయితే అసలు వద్దు. నేనైతే కింది రెండు గిన్నెలు మొలకలకి వాడుతున్నా, మూడోది కడిగిన కొత్తిమీర నీళ్లు కారడానికి.

5కి 3 స్టార్లు. మూత విడిగా అమ్మి ఉంటే మూడున్నర ఇచ్చేదాన్ని.